ఈ వయసులో వాల్ట్జ్ నేర్చుకోవచ్చా?

తార్నాక గృహిణి: మా ఆయన రిటైరయ్యారు. ఇద్దరం కలిసి వాల్ట్జ్ లాంటి బాల్‌రూమ్ డాన్స్, అంటే జంటగా ఆడే పాశ్చాత్య నృత్యం, నేర్చుకుందామనుకుంటున్నాం. అసలిది ఎక్కడిది? జనానికి ఎందుకంత ఇష్టం?

లాలాగూడ పెద్దాయన: తప్పకుండా నేర్చుకోండమ్మా. వాల్ట్జ్ 18వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల నుంచి నగరాలకొచ్చింది. జంటలు అంత దగ్గరగా పట్టుకుని తిరగడమేంటని 1816లో లండన్ టైమ్స్ పత్రిక మండిపడింది! ఫాక్స్‌ట్రాట్ అనే ఇంకో జంట డాన్స్ 1914 ప్రాంతంలో అమెరికాలో మొదలైంది. 1920ల్లో ఇంగ్లండ్ టీచర్లు అడుగులన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టారు. అందుకే పరిచయం లేనివాళ్లతో కూడా ఆడొచ్చు.

మా రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. క్రిస్మస్ డాన్సుకి నేల నున్నగా ఉండాలని పౌడర్ చల్లేవారు. డ్రైవర్ గారి భార్య ఒక పాటకు మొగుడితో, తర్వాతి పాటకు పక్కింటి తాతతో ఆడేది. వయసు, హోదా ఎవరూ చూసేవారు కాదు. నాకు నచ్చింది అదే.

మారేడుపల్లి తమ్ముడు: అక్కా, వాల్ట్జ్‌కి ముందు ఒకటి-రెండు-మూడు లెక్క చెవికెక్కాలి, ఒకటి మీద బరువు. రబ్బరు అడుగు బూట్లు వద్దు, తిరిగేటప్పుడు నేలను పట్టేసి మోకాలు లాగేస్తాయి. తోలు అడుగువి మంచివి.

తార్నాక గృహిణి: థ్యాంక్స్ అండీ. ఆయన ఇప్పటికే హాల్లో సోఫా జరుపుతున్నారు.