“మోపకుము”లో ఉన్నది బరువా, నేరమా?

కృష్ణాతీరం: బైబిల్లో, రాళ్లతో కొట్టి చంపుతుండగా క్రీస్తు శిష్యుడు స్తెఫను చేసిన చివరి ప్రార్థన గుర్తు తెచ్చుకోబోతే “ప్రభువా, వారిమీద ఈ పాపము” దగ్గరే ఆగిపోతున్నాను. తరువాతి మాట మోపకుమా, ఎంచకుమా? చెవిలో ఉన్నది మాత్రం “ఎంచకుము”. సిలువ మీద యేసు “క్షమించుము” అన్నాడు కదా, స్తెఫను ఆ మాట ఎందుకు వాడలేదు?

అరసున్న: మోపకుము. అపొస్తలుల కార్యములు 7:60. మీ “ఎంచ” 2 తిమోతి 4:16 నుంచి వచ్చి ఉంటుంది. అందరూ తనను విడిచిపోయారని చెప్పి పౌలు, “ఇది వారికి నేరముగా ఎంచబడకుండును గాక” అంటాడు. రెండు ప్రార్థనల తీరూ ఒకటే, అందుకే కలిసిపోతాయి. ఇక మోపడమంటే నేరం మోపడమే. స్తెఫనును నిలబెట్టింది యూదుల మహాసభ ముందు, కాబట్టి అది న్యాయస్థానపు మాట.

తాటాకు: న్యాయస్థానం దాకా ఎందుకండీ? మోపు అనగానే నాకు గడ్డిమోపు, కట్టెలమోపు కనిపిస్తాయి. “వారికి” అనలేదు, “వారిమీద” అన్నాడు. మీద అన్నాక అది బరువే.

అరసున్న: కట్టెలమోపు నామవాచకం, ఇక్కడున్నది క్రియ. నేల మీద కాలు మోపినప్పుడు ఎవరి తలకూ ఏమీ ఎత్తడం లేదు.

తాటాకు: కాలు మోపితే నేల మీద బరువు పడదా?

పాతప్రతి: గ్రీకులో అక్కడున్నది “నిలుపు” అనే క్రియ. ఈ పాపాన్ని వారికి విరోధంగా నిలబెట్టకు అని. మత్తయి 26:15లో యూదాకు ముప్పది వెండి నాణెములు “తూచి” ఇచ్చారన్న చోటా అదే క్రియ. అందుకే స్తెఫను మాటను “తూచకుము” అని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. తాటాకుగారి బరువుకు ఇది దగ్గరే. 2 కొరింథీ 5:19లో మాత్రం క్రియ వేరు, లెక్కించడం. తెలుగులో అక్కడ కూడా “వారి అపరాధములను వారిమీద మోపక” అనే ఉంది.

కృష్ణాతీరం: ఎంత బాగుంది! రాళ్లు రువ్వేవారి వస్త్రాలకు కావలి ఉన్న సౌలు ఆ ప్రార్థన విన్నాడు. ఆ సౌలే పౌలై, లోకాన్ని దేవుడు తనతో సమాధానపరచుకోవడం గురించి రాస్తూ అదే క్రియ పలుకుతున్నాడు, అదీ గ్రీకులో కాదు, తెలుగులో. అనువాదకులు తెలిసే చేశారని నా నమ్మకం.

అరసున్న: తెలిసి చేసి ఉంటే 2 తిమోతిలో ఎందుకు వదిలేశారు? గ్రీకులో అక్కడున్నదీ ఆ లెక్కించే క్రియే. తెలుగులో నేరానికి మోపడం సహజంగా అతుకుతుంది, అంతే.

శతకప్రియ: “ఎంచ”ను అంత తేలికగా తీసెయ్యకండి. సుమతిలో “అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నేర్పరి” ఉండనే ఉంది. ఎన్నడమన్నా ఎంచడమన్నా ఒకటే. కృష్ణాతీరంగారి చెవికి అది శతకం పెట్టిన అలవాటు.

తాటాకు: నెపమంటే సాకు.

శతకప్రియ: ఆ పద్యంలో తప్పు అనే అర్థమే. వేమన “చంపదగినయట్టి శత్రువు” పద్యం కూడా చూడండి. “పొసగ మేలుచేసి పొమ్మనుటే చావు.” మేలు పొంది వెళ్లడమే ఆ శత్రువుకు చావు. ఒక్క మాటలో వేమన ఎంత దూరం తీసుకెళ్లాడో!

అరసున్న: అక్కడున్నది “చాలు” అండీ. “చావు” అంటే చేసిన మేలులో కక్ష మిగిలిపోతుంది. వేమన అలా చెప్పడు.

శతకప్రియ: రోమా 12:20లో శత్రువుకు అన్నం పెట్టి తలమీద నిప్పులు పోయడమో? అదీ కక్షేనా?

పాతప్రతి: అది సామెతలు 25 నుంచి తెచ్చిన మాట. ఆ నిప్పులు పశ్చాత్తాపపు మంట అని పూర్వపు క్రైస్తవ ఆచార్యుడు అగస్టీను వివరణ. స్తెఫను ప్రార్థించకపోతే సంఘానికి పౌలు ఉండేవాడు కాదన్నదీ ఆయనే.

కృష్ణాతీరం: ఇంకొకటి చూడండి. అపొస్తలుల కార్యములు 7:58లో సౌలు పాదాల దగ్గర వస్త్రాలు పెట్టినవారిని “సాక్షులు” అన్నారు, అంటే నేరం మోపినవారు. 22:20లో పౌలు “నీ సాక్షియైన స్తెఫను” అంటున్నాడు. సాక్షి అన్న పేరు రాళ్లు వేసినవారిని వదిలి, పాపం మోపవద్దన్నవాడికి వచ్చింది. దమస్కులో క్రీస్తు శిష్యుడు అననీయ కూడా, తమను పట్టుకోవడానికి వచ్చినవాణ్ణే “సౌలా, సహోదరుడా” అని పిలిచాడు.

తాటాకు: బాగా పట్టుకున్నారు. నేరం మోపినవారికి ఎదురుగా నిలిచిన సాక్షి అంటే అరసున్నగారి న్యాయస్థానానికే బలం వచ్చింది. అయినా “మీద” సంగతి నేను వదలను.

శతకప్రియ: వేమన పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పద్యం పుట ఫొటో పెట్టండి. “చావు” అనే ఉంటుంది.

అరసున్న: “చాలు” ఉన్న ప్రతి రేపు నేను పెడతాను.