పాత వ్యాన్ లోయర్ ఆర్మ్‌లో కొత్త బుష్ నిలవడం లేదు: ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా తెచ్చుకునే మా పాత వ్యాన్, భాకరాపేట కనుమ దిగుతూ బ్రేకు వేసినప్పుడల్లా ఎడమవైపు ముందు చక్రం దగ్గర ‘టక్’మని శబ్దం చేస్తూ, స్టీరింగును పక్కకు లాగుతుండటంతో విప్పించి చూడగా, చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌లో, దాని కీలు దగ్గర ఉండే బుష్ (రబ్బరు పొదిగిన లోహపు గొట్టం) రబ్బరు చీలిపోయి కనిపించింది. కొత్తది తెచ్చాము. అయితే ప్రెస్సు మీద బిగుతుగా ఎక్కవలసిన ఆ బుష్, ఆర్మ్ రంధ్రం అరిగిపోయినందువల్ల, చేతితో నెట్టినా లోపలికి జారిపోతోంది.

అంచున రెండు వెల్డింగు చుక్కలు పెట్టిస్తే చాలని మెకానిక్ అంటున్నారు గాని, ఆ వేడికి రబ్బరు తన లోహపు గొట్టం నుంచి ఊడిపోతుందేమోనని నా అనుమానం. చుట్టూ రేకు చుట్టి బిగించే సలహా అసలే నచ్చలేదు. ఆర్మ్ మొత్తం మార్చడమే మార్గమా, లేక లేతు మీద రంధ్రానికి స్లీవ్ (లోపలి తొడుగు) వేయించి కనుమ దారిలో నమ్మకంగా నడపవచ్చా? తిరుపతి, రేణిగుంట, చిత్తూరులలో ఇటువంటి పని చేసేవారు తెలిస్తే దయచేసి చెప్పగలరు.

మరొక సందేహం. రబ్బరు మెలితిరిగి ఉండిపోకుండా, చక్రాలు నేలకు ఆని బరువు పడిన తరువాతే ఆర్మ్ బోల్టును చివరిగా బిగించాలి కదా. ఎప్పుడూ సరుకుతోనే తిరిగే బండికి ఆ బిగింపు ఖాళీగా ఉన్నప్పుడు చేయాలా, సరుకు వేసి చేయాలా?