అప్‌డేట్: మిర్యాలగూడ మిల్లులో పాత బిల్లుల ప్రోగ్రాం నడిచింది

విండోస్ ఎక్స్‌పీ నాటి మా వడ్ల కాంటా బిల్లుల ప్రోగ్రాం 64 బిట్ విండోస్ 10లో తెరిస్తే "ఎంఎస్‌కామ్‌సీటీఎల్ డాట్ ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదు" అంటోందని మొన్న ఇక్కడ అడిగాను కదా, నిన్న రాత్రి సరైంది. అది పాత ప్రోగ్రాంలు టూల్‌బార్లు, జాబితాల లాంటివి చూపించడానికి వాడే 32 బిట్ ఫైల్. దాన్ని విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో పెట్టడమే నా తప్పు. పేరులో 32 చూస్తే ఎవరైనా అక్కడే పెడతారు. కానీ 64 బిట్ విండోస్‌లో అది 64 బిట్ ఫైళ్ల చోటు; 32 బిట్‌వి సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉండాలి. పాత హార్డ్ డిస్క్‌లోని ఫైల్‌నే అక్కడికి కాపీ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫోల్డర్‌లోనే ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32 అనే, ఇలాంటి ఫైళ్లను విండోస్‌లో నమోదు చేసే ప్రోగ్రాంతోనే రిజిస్టర్ చేశాను. ఏదో ఒక సైట్ నుంచి ఫైల్ దింపుకోవద్దని ఆపిన అన్నకు చాలా థ్యాంక్స్. పొద్దున మొదటి ట్రాక్టర్‌కే బిల్లు వచ్చింది. రైతులను కాంటా దగ్గర నిలబెట్టాల్సి వస్తుందన్న టెన్షన్ పోయింది.