112 మంది జవాబులు, పి విలువ 0.06. ఇంకో 30 మందిని అడిగితే తప్పా?

కదిరిమల్లె:
అందరికీ నమస్తే. బెంగళూరులో ఎంఏ సోషియాలజీ రెండో ఏడు చదువుతున్నాను. బీకాం చేసి ఇటొచ్చాను. లెక్కలంటే భయం లేదు, స్టాటిస్టిక్స్ అంటే ఉంది. రెండూ వేరే అని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నా డిసర్టేషన్ బెళ్ళందూరు, కసవనహళ్ళి వైపు ఇళ్ళల్లో పనిచేసే మన తెలుగు ఆడవాళ్ళ మీద. ఊరివాళ్ళో చుట్టాలో పని ఇప్పించినవాళ్ళకీ, ఏజెంటు ద్వారా వచ్చినవాళ్ళకీ వారానికో సెలవు దొరకడంలో తేడా ఉందా అన్నది ప్రశ్న. మొత్తం 8 రేకుల షెడ్ల వరసలు, 112 మంది. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన 64 మందిలో 34 మందికి సెలవు ఉంది. ఏజెంటు ద్వారా వచ్చిన 48 మందిలో 17 మందికే ఉంది. అంటే 53 శాతం, 35 శాతం. కళ్ళకు కనబడుతున్న తేడా కదా! కానీ కై స్క్వేర్ అనే పరీక్ష చేస్తే పి విలువ (నిజానికి ఏ తేడా లేకపోయినా ఇంత తేడా లేదా ఇంతకన్నా పెద్దది యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.063. అది 0.05 కన్నా తక్కువుంటేనే 'సిగ్నిఫికెంట్' అంటారు. అదే డేటా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 0.095. ఒకే టేబుల్‌కి రెండు జవాబులేంటో!

గైడ్ చూసి, "దగ్గరికొచ్చింది, ఇంకో 30 మందిని అడుగు, సిగ్నిఫికెంట్ అయిపోతుంది" అన్నారు. నాకు మళ్ళీ వెళ్ళే ఓపిక లేదు. వాళ్ళకు తీరికుండేది మధ్యాహ్నం 2 నుంచి 4 దాకే. ఆ టైంలో నీళ్ళ ట్యాంకర్ వస్తే నా క్వశ్చనీర్ గాలికి పోతుంది. బిందె పట్టుకుని నేను కూడా లైన్లో నిలబడ్డ రోజులున్నాయి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే కాస్త త్వరగా అయ్యేది. ఒకామె జవాబు చెప్పేది, పక్కనున్నవాళ్ళు "నాదీ అదే రాసుకో పాపా" అనేవాళ్ళు.

30 మంది కోసం మళ్ళీ వెళ్ళాలా? వచ్చే నెల 10కి సబ్మిషన్. టెన్షన్‌గా ఉంది.

ఎక్సెల్_బాబాయ్:
ముందు ఆ రెండు జవాబుల సంగతి తేల్చేద్దాం. రెండూ కరెక్టే. రెండు అడ్డ వరసలు, రెండు నిలువు వరసలున్న టేబుల్ ఇస్తే ఆర్ తనంతట తానే యేట్స్ కరెక్షన్ అనే సవరణ వేస్తుంది. అది పి విలువను కాస్త పెంచుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ రెండూ చూపిస్తుంది గానీ, పై వరసలో కరెక్షన్ లేనిదే ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే రాసుకుంటారు. ఏది వాడావో చాప్టర్‌లో ఒక వాక్యం రాయి, చాలు. నీ టేబుల్‌లో అంకెలు పెద్దవే, ఏ గడిలోనూ ఉండాల్సిన సంఖ్య 5 కన్నా తగ్గలేదు, చిన్న అంకెలకు వాడే ఫిషర్ టెస్ట్ దాకా పోనక్కర్లేదు.

30 మంది సంగతి: వద్దమ్మా. నేను మార్కెట్ రీసెర్చ్‌లో పదకొండేళ్ళు పనిచేశాను, మా దగ్గర ఇది రోజూ జరిగేదే. ఫలితం చూసి, నచ్చలేదని ఇంకొందరిని కలిపి, మళ్ళీ చూసి, నచ్చగానే ఆపేస్తే 0.05 అన్న హద్దుకు అర్థమే ఉండదు. ఏ తేడా లేని డేటాలో కూడా అలా పదేపదే చూస్తూ పోతే ఎప్పుడో ఒకసారి 0.05 కిందికి దిగుతుంది, నువ్వు సరిగ్గా అక్కడ ఆపుతావు. పాచికల్లో ఆరు పడేదాకా వేసి, పడగానే "చూశావా" అన్నట్టు.

అసలు ఆ 0.05 కూడా శిలాశాసనం కాదు. ఇరవైలో ఒకటి అనేది అనుకూలంగా ఉంటుందని 1925లో స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ తన పుస్తకంలో రాశాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. హద్దు దాటిందా లేదా అన్నదొక్కటే చూసి తీర్మానాలు చేయొద్దని 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రకటనే ఇచ్చింది. గైడ్‌గారికి అది చూపించు, నీ మాటగా చెప్పక్కర్లేదు.

పి విలువ పక్కన పెట్టి తేడా రాయి. 53 మైనస్ 35, సుమారు 18 పాయింట్లు. దానికి 95 శాతం ఇంటర్వల్, అంటే అసలు తేడా ఉండగల పరిధి, లెక్కేస్తే సున్నాకి ఓ వెంట్రుక కింద నుంచి 36 దాకా వస్తుంది. అంటే తేడా అసలు లేకపోవచ్చు, చాలా పెద్దదే అయినా కావచ్చు. నీ డేటా చెప్పగలిగింది అంతే.

పాత_సర్వేయర్:
బాబాయ్ గారు చెప్పింది బాగుంది గానీ, ఆ అమ్మాయి చివర్లో అలవోకగా రాసిన మాట ఎవరూ పట్టించుకోలేదు. "నాదీ అదే రాసుకో పాపా."

నేను ముప్పై ఏళ్ళు ఇంటింటి సర్వేలు చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు నాగరభావిలో మనవణ్ణి ఆడిస్తున్నాను. మాకు ట్రైనింగ్‌లో మొదట చెప్పేది ఇదే: ఒక మనిషి, ఒక జవాబు, పక్కన ఇంకొకరు ఉండకూడదు. 1930ల చివర్లో స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ బెంగాల్‌లో జనుము పంట సర్వేలు చేసినప్పుడు ఒకే ప్రాంతంలో శాంపుల్‌ని భాగాలు చేసి వేర్వేరు బృందాలకు ఇచ్చేవారు. రెండు బృందాల లెక్కలు తేడాగా వస్తే తప్పు పొలంలో ఉందా, కొలిచేవాడిలో ఉందా అని చూసేవారు. జవాబు ఎంత ముఖ్యమో, అది ఎలా వచ్చిందన్నదీ అంత ముఖ్యమని ఆయన పట్టుబట్టారు.

అమ్మా, పదిమంది కూర్చున్న చోట ఒకరు మాట్లాడి తొమ్మిదిమంది తలూపితే, నీకొచ్చింది పది జవాబులా, ఒకటా? కోపం తెచ్చుకోకు. ఎన్నింటికి అలా జరిగిందో నోట్సులో రాసుకున్నావా?

కదిరిమల్లె:
కోపం ఏం లేదు తాతగారూ, కడుపులో తిప్పినట్టయింది, అంతే. కొన్నింటికి పక్కన 'గుంపు' అని పెన్సిల్‌తో రాశాను. ఇప్పుడే లెక్కపెట్టాను, 112లో 41.

ఫీల్డ్‌నోటు:
పీహెచ్‌డీలో ఇదే గుంటలో పడి లేచినదాన్ని కాబట్టి చెప్తున్నా చెల్లీ. గుంపు అని రాసినవాళ్ళే కాదు, మిగతావాళ్ళ జవాబులూ పూర్తిగా విడివిడివి కావు. ఒకే షెడ్ వరసలో ఉన్నవాళ్ళు ఒకే ఊరు, ఒకే మేస్త్రీ, ఒకే అపార్ట్‌మెంట్. కై స్క్వేర్ మాత్రం 112 మందీ ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళని నమ్ముతుంది.

దీనికి డిజైన్ ఎఫెక్ట్ అని ఒక లెక్క ఉంది: 1 + (ఒక గుంపులో మనుషులు − 1) × గుంపు లోపలి పోలిక. నీకు 8 షెడ్లు, సగటున షెడ్‌కి 14 మంది. పోలిక 0.1 అనుకో (సున్నా అంటే పోలికే లేదు, 1 అంటే గుంపులో అందరిదీ ఒకే జవాబు), ఇది ఊహ మాత్రమే. 1 + 13 × 0.1 = 2.3. 112ని 2.3తో భాగిస్తే 49. కాగితం మీద 112 ఉన్నా నీ చేతిలో ఉన్నది దాదాపు 49 మందికి సమానమైన సమాచారం. ఇంటర్వల్ వెడల్పయి మైనస్ 10 నుంచి 45 దాకా పోతుంది. ఇది మోటు లెక్కే. రెండు రకాలవాళ్ళూ ప్రతి షెడ్‌లో కలిసి ఉంటే ఇంత దెబ్బ ఉండదు. విడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

అందుకే అడుగుతున్నా: ఏజెంటు ద్వారా వచ్చిన 48 మంది ఏ షెడ్లలో ఉన్నారు? ఒక్కసారి షెడ్ వారీగా టేబుల్ వేసి చూడు. గుంపుల తేడాల్ని కూడా లెక్కలో కలిపే మల్టీలెవెల్ మోడల్ జోలికి మాత్రం పోకు. 8 గుంపులతో అది నిలబడదు, వైవాలో ఎవరైనా అడిగితే నువ్వూ నిలబడలేవు.

కదిరిమల్లె:
వేశాను. వేసి అరగంట అలాగే కూర్చున్నాను.

48లో 42 మంది మూడే షెడ్లలో ఉన్నారు. మిగతా ఆరుగురు అక్కడొకరు ఇక్కడొకరు. అంటే నేను పోల్చింది ఏజెంటునీ చుట్టాన్నీ కాదు, మూడు షెడ్లనీ ఐదు షెడ్లనీ!

నిన్న మధ్యాహ్నం 500డి బస్సు దిగి మళ్ళీ వెళ్ళాను, 30 మంది కోసం కాదు. ఆదోని నుంచి వచ్చినామె నన్ను చూసి, "మళ్లా రాసుకునేకి వచ్చినావా పాపా?" అంది. "లేదక్కా, ఊరికే అడగడానికి వచ్చా" అన్నాను. రాళ్ళ మీద కూర్చోబెట్టి, అలసందలు వొలుస్తూ చెప్పింది. ఆ మూడు షెడ్లూ ఒకే పెద్ద అపార్ట్‌మెంట్ వెనకున్నాయి. అక్కడ ఆదివారం పనికి రాకపోతే గేటు కార్డు ఆపేస్తారట. ఎవరు తెచ్చి పెట్టినా అంతే. ఆమెని తెచ్చింది సొంత చెల్లెలే, ఆమెకీ సెలవు లేదు. నా క్వశ్చనీర్‌లో 27 ప్రశ్నలున్నాయి. ఏ అపార్ట్‌మెంట్ అన్న ప్రశ్న మాత్రం లేదు.

గైడ్‌కి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, టైటిల్ మార్చొద్దు, చాప్టర్ మార్చు" అన్నారు. 30 మంది ఊసెత్తలేదు.

చిన్న డౌట్: షెడ్ వారీ టేబుల్ మూడో చాప్టర్‌లో పెట్టనా, నాలుగులోనా?

ఫీల్డ్‌నోటు:
నాలుగులో, నీ పాత టేబుల్ పక్కనే. రెండూ ఒకే పేజీలో కనబడాలి. గుంపు 41 సంగతి మూడులో, దాచకుండా. గేటు కార్డు సంగతి ఒకామె మాట మీదే రాయకు, మిగతా రెండు షెడ్లలో కూడా ఒక్కొక్కరిని విడిగా అడుగు.

పాత_సర్వేయర్:
ఒక్కొక్కరిని. విడిగా. ట్యాంకర్ రాని రోజు చూసుకుని వెళ్ళమ్మా.