అప్‌డేట్: హాలోవీన్‌కి భయపెట్టే పుస్తకం అడిగాను కదా

రక్తపాతం లేకుండా వెన్నులో వణుకు పుట్టించే పుస్తకం చెప్పమని అడిగాను, అక్టోబర్ 31 లోపు చదవడానికి. ఎక్కువమంది రచయిత్రి షిర్లీ జాక్సన్ పేరే చెప్పారు కాబట్టి ఆవిడ రాసిన 1959 నాటి 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'తోనే మొదలుపెట్టాను.

అబ్బ, ఏం పుస్తకమండీ! దెయ్యం ఎదురుగా వచ్చి నిలబడదు. అయినా ఒక రాత్రి కథానాయిక ఎలినార్ చీకట్లో స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది. గోడ అవతల నుంచి గొణుగుడు, పసిపిల్ల ఏడుపు. గట్టిగా అరుస్తుంది, లైటు వెలుగుతుంది. చూస్తే స్నేహితురాలు అవతలి మంచం మీద ఉంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? అక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను అడిగిన భయం సరిగ్గా ఇదే.

హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898) చిన్నదే కానీ వాక్యాలు బాగా పొడుగు, నిద్రమత్తులో చదివేది కాదు. ఆ దయ్యాలు నిజమా, పిల్లల్ని చూసుకునే ఆవిడ భ్రమా అన్నది చివరిదాకా తేలదు. నాకది నచ్చింది.

ఇప్పుడు 'డ్రాకులా' (1897) నడుస్తోంది. అంతా డైరీలు, ఉత్తరాలే కాబట్టి రోజుకి కొంచెం చొప్పున చదవడానికి వీలుగా ఉంది. పెద్ద పుస్తకం, చదవాలనుకునేవాళ్ళు నెల మొదట్లోనే పట్టుకోండి. స్టీఫెన్ కింగ్‌ని సూచించినవాళ్ళకి కూడా థాంక్స్, ఆయన పుస్తకాలు దీని తర్వాత.