వాగ్దాన కార్డు చూసి కుంగిపోయాను, ఇది అవిశ్వాసమా?

ప్రశ్న (గుంటూరు నుండి ఒక సోదరి):
అందరికీ వందనాలు. గత ఆగస్టులో మా వారు ప్రభువునందు నిద్రించారు. వైద్యానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి దేవుని వాగ్దానంగా ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే కార్డు) మీద యిర్మీయా 29:11 ఉంది. అందరూ సంతోషంగా శుభాకాంక్షలు చెప్పుకుంటుండగా, మేలు కలుగుతుందన్న ఆ మాట నన్ను ఓదార్చకపోగా మరింత కుంగదీసింది. ఇది అవిశ్వాసమేనా?

జవాబు (ఒక సంఘ కాపరి):
కాదమ్మా. ఆ వచనం యెరూషలేము నుండి బబులోనుకు బందీలుగా తీసుకుపోయినవారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరంలోనిది. దానికి ముందున్న 10వ వచనం వారు తిరిగి రావడానికి 70 సంవత్సరాలు గడవాలని చెబుతోంది. అంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది యెరూషలేమును మళ్లీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా 5వ వచనంలో ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని దేవుడు వారికి చెప్పాడు. ఇదంతా కార్డు మీద పట్టదు కాబట్టి, వచ్చే జనవరికల్లా కష్టం తీరుతుందన్నట్టు మనమే చదువుకుంటున్నాం.

జవాబు (విజయవాడ నుండి మరొక సోదరి):
నేనూ విధవరాలినే. మొదటి ఏడాది స్తుతి కీర్తనలు నోట పలకలేక 88వ కీర్తన ఒక్కటే చదివేదాన్ని. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా మొదటి మాటలో దేవుణ్ణి రక్షణకర్త అనే పిలుస్తుంది. అప్పు సంగతి మాత్రం దాచుకోకండి. మీ స్త్రీల సమాజంలో నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి.

ప్రశ్న అడిగిన సోదరి:
వందనాలు. ఈ రాత్రి 29వ అధ్యాయం మొదటినుండి చదువుతాను. అప్పు సంగతి ఆదివారం మా సంఘ పెద్దగారి భార్యతో మాట్లాడతాను.