వారసుల ఉమ్మడి భూమి వేలం ఆపడం ఎలా?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నాతో పనిచేసే నల్లజాతి స్నేహితుడి తాత కొన్న భూమి, వీలునామా రాయకపోవడంతో మనవలు, మునిమనవలందరి ఉమ్మడిలో ఉండిపోయింది. ఇప్పుడు ఎక్కడో ఉన్న ఒక కజిన్ తన వాటా రియల్ ఎస్టేట్ కంపెనీకి అమ్మేస్తే, వాళ్లు మొత్తం భూమి అమ్మించమని కోర్టుకెక్కారు. అక్కడే వేరుశనగ వేస్తున్న వాళ్ల పెద్దమ్మ ఏటా పన్ను కట్టిన రసీదులన్నీ బిస్కెట్ డబ్బాలో దాచింది, పాపం, అవే చూపిస్తోంది.

అమెరికా మొత్తంలో 1920లో 9 లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు ఇప్పుడు 50 వేలు కూడా లేరంటే, ప్రభుత్వ లోన్లలో వివక్షతో పాటు ఇలాంటి అమ్మకాలూ కారణమే. జార్జియాలో 2013 నుంచి ఉన్న చట్టం ప్రకారం కోర్టు నిర్ణయించిన విలువకి ఆ కంపెనీ వాటాను మిగతా వారసులు కొనుక్కోవచ్చు, కానీ కోర్టు నోటీసు పంపాక 45 రోజుల్లో కొంటామని చెప్పాలి. అంత డబ్బుకి లోన్ ఎక్కడ దొరుకుతుంది? ఆ రసీదులు కోర్టులో పనికొస్తాయా? తక్కువ ఫీజుకి ఇలాంటి కేసులు చూసే లాయర్లు తెలిస్తే దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.